నా ముఖంతో తమ్ముడి బొమ్మ

ఇంటికి సున్నం వేయిద్దామని గోడల మీది పటాలు దింపుతుంటే, మనవరాలు ఒకటి కొంగుతో తుడిచి, చిన్నప్పుడు నీకు మగపిల్లాడి వేషం ఎవరు వేశారమ్మమ్మా అని అడిగింది. అది నా తమ్ముడని చెప్పాను. నమ్మలేదు. దాన్ని తప్పుపట్టలేను.

మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఫోటో అంటే పెళ్లిళ్లకే. తమ్ముడు ఆరేళ్లకే జ్వరంతో పోయాడు. ఇంట్లో వాడిది ఒక్క ఫోటో లేదు. కొన్నాళ్లకు, వాడు పోయాడని ఏడ్చే అమ్మ వాడి ముఖం గుర్తు రావడం లేదని ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినలేక నాన్న మమ్మల్ని శృంగవరపుకోటలో దుకాణాల బోర్డులు రాసే పెయింటరు దగ్గరకు తీసుకెళ్లాడు. ఫోటో లేకుండా పోయినవాళ్ల బొమ్మలు కూడా అతను వేసేవాడు. ముక్కు ఎవరి పోలిక, నుదురు ఎవరి పోలిక అని అడిగి, ఆ చుట్టాలనే ఎదురుగా కూర్చోబెట్టి గీసేవాడు. అమ్మ అన్నిటికీ నన్నే చూపించింది. తొమ్మిదేళ్లదాన్ని, నేను కదిలితే తమ్ముడు రాడేమోనన్న భయంతో స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాను.

బొమ్మలో వాడికి పట్టుచొక్కా తొడిగి, చేతికి గులాబీ ఇచ్చి, వెనక కొండలు పెట్టాడు.

"సిలుకు సొక్కా ఏటి బావూ? మావోడు ఒంటిమీద గుడ్డ ఉంచీవోడా? రాజుగోరి కొడుకుని గీసినావేటి?" అంది అమ్మ.

అతను నొచ్చుకోలేదు. పువ్వు తీసేశాడు, కొండలు తీసేశాడు, మామూలు చొక్కా వేశాడు. ముఖం మాత్రం కుదరలేదు. కళ్లు దగ్గరగా ఉండాలన్న అమ్మే మరుసటి వారం దూరంగా ఉండాలనేది. వారం వారం బస్సెక్కి వెళ్లేవాళ్లం. అయిదోసారి అతను కుంచె ఎత్తబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంక మార్సకు బావూ. నువ్వు మార్సినప్పుడల్లా నా కళ్లల్లో ఉన్నోడు పోతన్నాడు."

బొమ్మ అలాగే ఇంటికొచ్చింది. అమ్మ దానికి దండ వేసేది గాని చూసేది కాదు. చాలాకాలం నా ముఖంలోకీ చూడలేదు. అన్నం పెడుతున్నా కంచంలోకే చూసేది. లేనివాళ్లను చూపించడానికే బొమ్మ అని తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఆ రాసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి బొమ్మ ఉండి ఉండదు.

ఇప్పుడు పుట్టిన గంటకే ఫోటోలు తీస్తున్నారు, ఏడిస్తే ఒకటి, నిద్రపోతే ఒకటి. మంచిదే, తియ్యనీ. నేను తమ్ముణ్ణి తలుచుకుంటే నా ముక్కూ నా నుదురే వస్తాయి, వాడు రాడు. నాన్న ఎప్పుడో పోయాడు. పోయిన నెల అమ్మా పోయింది. ఆ బొమ్మ వాడిది కాదని చెప్పగలిగిన మనిషి ఇక ఎవరూ లేరు.