ఒళ్ళు మార్చుకునే ఆట

పోయిన నెలలో కళ్ళజోడు మార్పించుకుందామని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, ఎండకు తాళలేక మెట్రో స్టేషన్ పక్క సందులో మేడమీదున్న ఒక కాఫీ షాపులో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలు నలుగురు, ఎన్నో ముఖాలున్న పాచికలు దొర్లిస్తూ ఏదో ఆట ఆడుతున్నారు. అందులో ఒకమ్మాయి, "బాడీ పోతే పోనీ, మైండ్ బ్యాకప్ ఉందిగా, కొత్తదాంట్లో లేస్తా" అనేసరికి నేను కప్పు కింద పెట్టేశాను. ఈ నెరిసిన తల ఆవిడ కూడా ఒకప్పుడు ఇదే ఆట ఆడిందంటే ఆ పిల్లలు నమ్మరు. నా ఈడు వాళ్ళు, మీరైనా నమ్మండి.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మాది గుంటూరు వైపు. ఎల్బీనగర్‌లో రెండు పోర్షన్ల ఇంట్లో ఒకదాంట్లో నేనూ, డిగ్రీ చదువుతున్న మా తమ్ముడూ ఉండేవాళ్ళం; రెండోదాంట్లో నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఒక అక్కా, బస్సు నడిపే ఆవిడ తమ్ముడూ ఉండేవారు. పుట్టిన ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి అక్క వెన్ను వంగిపోయి, మెడ బిగుసుకుపోయింది. తలెత్తి మొహం చూడటం కష్టమై మనుషుల్ని పాదాల్ని బట్టి గుర్తుపట్టేది; నేను గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే, "కొత్త చెప్పులా? మంచిగున్నయి" అనేది. చీరలకు ఫాల్స్ కుడుతూ, లోకం మీద ఏ కోపమూ లేనట్టుండేది.

ఆ ఏడాది ఆవిడ కాళ్ళకు తిమ్మిరి మొదలైంది. వెన్నులో నరం నొక్కుకుపోతోందనీ, ఆపరేషన్ చెయ్యకపోతే నడక పోతుందనీ దవాఖానలో చెప్పారు. వాళ్ళ తమ్ముడు ఎంత బతిమాలినా అక్క ఒప్పుకోలేదు. "వెన్ను కోసినంక నేను నేనుంటనా?" అనేది.

మా తమ్ముడికి ఇంటర్నెట్ సెంటర్లో ఈ ఆట దొరికింది. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకరు కథ చెబుతూ పోతే, మిగతావాళ్ళు అందులో తమ పాత్ర ఏం చేస్తుందో చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. అంగారకుడి మీద ఒక పట్నం. అక్కడ మనిషి మనసును ఒక ఒంట్లోంచి తీసి ఇంకో ఒంట్లో పెట్టుకోవచ్చు, చీర మార్చుకున్నంత సులువుగా. ఆదివారం మధ్యాహ్నాలు చాప పరిచి, మరమరాలు మధ్యలో పెట్టుకుని నలుగురం కూర్చునేవాళ్ళం. బస్సు నడిపే తమ్ముడు నాలుగు చేతుల ఇనప ఒళ్ళు తీసుకున్నాడు, నేను నీళ్ళలో ఊపిరి పీల్చే ఒళ్ళు కోరుకున్నాను. అక్క చాలాసేపు ఆలోచించి, "పొడుగ్గ, మెడ నిలవడ్డది ఇయ్యి తమ్మీ" అంది.

మా తమ్ముడు మంచివాడు. ఆ రోజు దొంగల్ని పట్టే కథ పక్కన పెట్టి, అక్క పాత్ర తలెత్తితే ఏమేం కనిపిస్తుందో అదే చెప్పుకుంటూ పోయాడు: ఎర్రటి ఆకాశం, ఒకదానికొకటి ఎదురెళ్ళే రెండు చిన్న చందమామలు. అక్క సూది పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని వింది. అలా కొన్ని వారాలు ఆ పట్నమంతా నిటారుగా తిరిగింది.

ఒక ఆదివారం ఆట మంచి రసపట్టులో ఉండగా, అక్క ఉన్నట్టుండి చెయ్యెత్తింది.

"జర ఆగు తమ్మీ. నా పాత ఒళ్ళు ఏడ పెట్టిండ్రు?"

మా తమ్ముడు కాగితాలు తిరగేసి, ఏమీ ఆలోచించకుండా, "వాడనివి కిరాయికి ఇచ్చేస్తారక్కా" అన్నాడు.

"కిరాయికా? ఇన్నేండ్లు నన్ను మోసిందది! దానికి నీళ్ళెవరు తాపుతున్నరు? నడుము కింద దిండెవరు పెడుతున్నరు? మీరు పోతే పోండ్రి, నేను దాని తాన్కి పోత."

ఇంక ఎవరికీ దొంగలు గుర్తు రాలేదు. ముగ్గురం మా కొత్త ఒళ్ళతోనే, కిరాయికి పోయేదాకా పాత ఒళ్ళు దాచే, పట్నం అడుగున ఎక్కడో ఉన్న చల్లటి గదుల కోసం బయలుదేరాం. చివరి తలుపు దగ్గర అక్క పాచిక వేసింది. అది ఆగీ ఆగకముందే మా తమ్ముడు దాని మీద అరచెయ్యి కప్పి, "తలుపు తెరుచుకుంది" అన్నాడు. ఎంత పడిందని మేమెవరం అడగలేదు.

"ఉన్నదా?" అంది అక్క.

"ఉందక్కా. నిద్రపోతోంది."

"మోసుకపోదం. బాగు చేపిద్దం."

టీ తాగుతున్నప్పుడు, మామూలు మాటేదో అడిగినట్టు, "ఆ డాక్టరు మళ్ల ఎప్పుడు రమ్మన్నడురా?" అని తన తమ్ముణ్ణి అడిగింది. అతను గ్లాసు పట్టుకుని వసారాలోకి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషన్ రోజు ముగ్గురం దవాఖాన వరండాలో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. వంగిన వెన్ను వంగినట్టే ఉండిపోయింది గానీ తిమ్మిరి మెల్లగా తగ్గింది. గోడ పట్టుకుని మొదటిసారి నిలబడ్డనాడు, "బండ సల్లగ తాకుతుందే!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ తర్వాత వాళ్ళు నాగోల్‌కు మారారు. తన కాళ్ళ మీద తాను నడుస్తూ ఇంకా చాలా ఏళ్ళు బతికి, నిరుడు నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఇప్పుడు మన ఈడు వాళ్ళలో ఒకరికి కంట్లో లెన్సు, ఒకరికి గుండెలో స్టెంటు, ఇంకొకరికి మోకాట్లో స్టీలు. ఆ ఆటలోని పట్నం మనకు తెలియకుండానే మన ఇళ్ళలోకి వచ్చేసింది. అది మంచిదే. కానీ ఒక మనిషి ఊరికే మాటలతో కట్టిన ఆకాశాన్ని, పనులన్నీ మానుకుని చాప మీద కూర్చుని మధ్యాహ్నమంతా నమ్మడానికి, ఇప్పుడు మనలో ఎవరికి తీరిక ఉంది?