చొప్పవామి మీద దిగిన విమానం

ఆ రోజుల్లో మా వైపు ఆకాశంలో ఏదైనా మోత వినిపిస్తే జనం తలెత్తి చూసేవాళ్లు కాదు, ముందు ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకునేవాళ్లు. జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల మీద ముఠా కక్షల జీపులు తిరిగే కాలం అది. ఏ ఊరు ఏ పార్టీదో బస్సు కండక్టర్లకు కూడా కంఠతా వచ్చు. అలాంటి కాలంలో, అదీ ఎన్నికల ముందు, నేను గాల్లో ఎగరాలనుకున్నాను. మా జిల్లాలో విమానయానానికి ఆద్యుణ్ణి నేనేనని ఇప్పటికీ నా నమ్మకం. (మా ఆవిడ ఒప్పుకోదు. కిందపడటాన్ని ఎగరడం అనరని ఆమె వాదన.)

అప్పుడు నేను పాలిటెక్నిక్ ముగించి ప్రొద్దుటూరులో ఒక లేత్ షాపులో పనిచేస్తున్నాను. పక్కనే సైకిల్ షాపు. దాన్ని నడిపే పెద్దమనిషిని అందరం సైకిల్ మామ అనేవాళ్లం. ప్రపంచంలో తొలి విమానం చేసినవాళ్లు సైకిళ్లు బాగుచేసే అన్నదమ్ములని నేను గ్రంథాలయంలో చదివొచ్చి ఆయనకు చెప్పడమే అన్నిటికీ మూలం. మామ చేతిలో పంపు పక్కన పెట్టి, "సైకిల్ షాపోళ్లే చేసినారంటనే. మనకేం తక్కువప్పా?" అన్నాడు. ఇంజను మా తాహతుకు మించింది కాబట్టి రెక్కలతోనే సరిపెట్టుకున్నాం. వెదురు బొంగులు, సైకిల్ గొట్టాలు కలిపి చట్రం కట్టాం. రెక్కలకు గట్టి గుడ్డ కావాలంటే, కండువాల కోసం తెప్పించి మిగిలిపోయిన తాను ఒకటి మామ ఎక్కణ్ణించో పట్టుకొచ్చాడు. అది ఫలానా పార్టీ రంగని నాకూ తెలుసు, మామకూ తెలుసు, మిషను మీద కుట్టిన మా అక్కకూ తెలుసు. కానీ మా ముగ్గురికీ అప్పుడు అది గాలి జొరబడని గుడ్డగానే కనిపించింది. (ఏ రంగో చెప్పను. ఆ ఊళ్లో నాకింకా స్నేహితులున్నారు.)

జమ్మలమడుగు దాటి పులివెందుల దారిలో ఒక గుట్ట ఉంది. ఆషాఢం గాలి పడమటి నుంచి ఒకటే తోలుతోంది. గాలికి ఎదురుగా దూకి, గుట్ట కింది బీడులో దిగాలని మా పథకం. గుట్టకు అవతలి వైపున్న ఊరు ఆ గుడ్డ రంగుకు ఎదుటి పార్టీది, అటు మాత్రం పోగూడదని మామ పదే పదే చెప్పాడు. "సరే మామా" అంటూ చట్రం భుజాలకు తగిలించుకుని పరుగెత్తాను. కాళ్ల కింద నేల లేకుండా పోయింది. ఆ క్షణం నాకెంత ఆనందం కలిగిందో చెబుదామనుకుంటాను గానీ, ఆనందపడే వ్యవధి దొరకలేదు. గాలి నన్ను పైకి లేపి, వెనక్కి తిప్పి, గుట్ట మీదుగా అవతలికి పట్టుకుపోయింది. కింద మామ చేతులూపుతూ చిన్నవాడైపోతున్నాడు. ఎదురుగా ఆ ఊరి మిద్దెలు పెద్దవవుతున్నాయి.

ఊరి పెద్దాయన కళ్లంలో, జొన్న చొప్పవామి మీద పడ్డాను. వామి మెత్తగా ఉండబట్టి ఎముకలు మిగిలాయి. చొప్ప నోట్లోంచి ఊసుకుని తల బయటపెట్టేసరికి చుట్టూ మనుషులు. వాళ్ల చేతుల్లో ఉన్నవి సేద్యం పనిముట్లు కావు. అందరూ నన్ను వదిలి రెక్కల రంగు చూస్తున్నారు. అప్పుడే మొదటిసారి నాకూ ఆ రంగు కొట్టొచ్చినట్టు కనిపించింది. మంచం మీద కూర్చున్న పెద్దాయన దగ్గరికి నన్ను తీసుకుపోయారు.

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవురూ పంపలేదు సార్. గాలి తెచ్చింది."

"ఆ రంగు గుడ్డ యాడిది?"

"తక్కువకు దొరికింది సార్."

ఆయన లేచి చట్రం చుట్టూ నింపాదిగా తిరిగాడు. తిరిగేకొద్దీ ముఖంలో కోపం పోయి మరొకటేదో వచ్చింది. దాన్ని చూసి నాకు ఇంకా భయమేసింది.

"దీంట్లో పోయి, అదో ఆ పక్కూరి మిద్దె మీద ఏందన్నా ఇడిసి రావచ్చునా?"

ఆ 'ఏందన్నా' ఏమిటో నేను అడగలేదు. కాదంటే ఒక ప్రమాదం, ఔనంటే ఉద్యోగం. ఉన్న మాటే చెప్పాను. "ఇడవచ్చు సార్. అయితే ఇది నా మాట ఇనదు, గాలి మాట ఇంటాది. నేను ఆ గుట్ట కింద దిగాలనుకుంటి, ఈడొచ్చి పడితి. ఆ మిద్దె మీద ఇడుస్తామని పోతే, గాలి తిరిగి మీ మిద్దె మీదనే పడినా పడతాది."

పెద్దాయన తన మిద్దెకేసి చూశాడు. చెదిరిపోయిన వామికేసి చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్విన కాసేపటికి, నవ్వచ్చునని తెలుసుకుని మిగతావాళ్లూ నవ్వారు. "ఈ పిల్లోనికి సంగటి పెట్టండిరా, మొగం పాలిపోయింది" అన్నాడు.

నేను రెండో ముద్ద ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంటుండగా సైకిల్ మామ వచ్చాడు. సైకిల్ ముందు కట్టెకు తెల్ల తువ్వాలు కట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి తొక్కుతున్నాడు. నన్ను చూసి దిగబోయి సైకిల్‌తో సహా పడ్డాడు. "బతికే ఉండావా అప్పా" అంటూ నా తల, చేతులు తడిమి చూశాడు. కళ్లు తుడుచుకున్నాక ఆయనకూ ఒక కంచం వచ్చింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తిన్నాం. ఆ సంగటి అంత రుచి నేను మళ్లీ ఎరగను.

చట్రం విరిగి, దాని వెదురు పొయ్యిపాలైంది. గుడ్డను ఊళ్లో ఉంచుకోవడానికి వీల్లేదు, కాల్చితే కొత్త తగాదా. చివరికి గోనెసంచిలో కుక్కి మాకే ఇచ్చేశారు. మా అక్క దానికి నల్లరంగు వేసి లంగాలు కుట్టింది. చాలాకాలం మా వీధి ఆడవాళ్లంతా విమానాలు కట్టుకు తిరిగారు. బయల్దేరేటప్పుడు పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "ఇంకోతూరి మా ఊరికి రావాలంటే బస్సుకు రాప్పా" అన్నాడు. అలాగే వచ్చాను కూడా, ఆయన మనవరాలి పెళ్లికి.

ఇప్పుడు నీళ్ల ట్యాంకు కడగడానికి నిచ్చెన ఎక్కుతానన్నా మా ఆవిడ ఒప్పుకోదు, నేనూ పెద్దగా పట్టుబట్టను. కానీ గాలి తోలే సాయంత్రాల్లో, ఆరేసిన బట్టలు తెస్తానని నేనే మేడెక్కుతాను. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, దుప్పటి రెండు కొసలూ పట్టుకుని చేతులు చాపి నిలబడతాను. దుప్పటి నిండుగా ఉబ్బి భుజాలను వెనక్కి లాగుతుంది. మడమలు ఒక్క రవ్వ లేస్తాయి. "బట్టలు తేవడానికి ఇంతసేపేంది?" అని కింది నుంచి కేక వినబడగానే, బుద్ధిగా మడతపెట్టుకుని మెట్లు దిగుతాను.