మాట తనకే చెప్పమన్న మా మేనత్త

మా మేనత్త పోయిందని సోమవారం మంథని నుంచి మనిషి వచ్చి చెప్పాడు. "పొద్దున చాయ తాగింది. జర ఒరుగుత అన్నది, గంతే" అన్నాడు. ఏడుపు వచ్చింది. ఆమె నా మేనత్త అన్న గర్వమూ దానితోపాటే వచ్చింది. అదెందుకో చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆమె రొమ్ములో గడ్డ కనిపించింది. మామకు ఉర్దూ రాదు, పట్నమూ కొత్త. అందుకని మా బాపు, తోడుగా నేను ఆమెను హైదరాబాదు తీసుకుపోయాం. పరీక్షలయ్యాక డాక్టరు బాపును పక్కకు పిలిచి ఉర్దూలో ఏదో చెప్పాడు. అత్తకు ఆ భాష తెలియదు. కానీ చంకనెత్తుకొని పెంచిన తమ్ముడి ముఖం తెలుసు. లేచి వెళ్లి వాళ్లిద్దరి మధ్య నిలబడింది.

"సాబ్, గడ్డ నా పెయిల ఉన్నది. మాట మా తమ్మునికి చెప్తున్నరు. నాకు చెప్పుండ్రి."

"ఏం లేదక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడు బాపు.

"ఏం లేకుంటె నువ్వెందుకు ఏడుస్తున్నవు?"

డాక్టరు ఆమెకు కుర్చీ వేయించి, తానూ ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, ఇది రాచపుండు. రొమ్ము తీసెయ్యాలె. తీసినా మళ్ల రావచ్చు" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

అత్త నా వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. "తీస్తె, నాటు వెయ్యొస్తదా నాకు?"

"చెయ్యి ఎక్కువ లేవది. పని చేసుకుంటవు."

"అయితె తియ్యిండ్రి."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ధైర్యం గలవాళ్లు ఏడవరంటే ఆనాటి నుంచి నేను నమ్మను. ముఖం కడుక్కున్నాక బాపుతో అంది: "తెలిస్తె భయమైంది తమ్మీ. మీరు దాస్తె నేనొక్కదాన్నే భయపడుతుంటి. ఇప్పుడు ముగ్గురం భయపడుతున్నం."

ఆపరేషన్ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. నాట్లేసింది, మనవరాలి పెళ్లి చేసింది, మామతో కొట్లాడింది.

ఆపరేషన్ అయిన కొత్తలోనే అత్త పక్కింటి ముసలమ్మకు నోట్లో పుండు లేచింది. ఇదే జబ్బని డాక్టరు ఆమె కొడుకుకు చెప్పాడు. అతను అత్త దగ్గరికి వచ్చి, "అవ్వకు చెప్పకు చిన్నమ్మా. వేడి చేసిందన్నం" అని బతిమాలాడు. అయినా అత్త చెప్పేస్తుందనే నేననుకున్నాను. ఆమె పోయి ముసలమ్మ పక్కన కూర్చొని, అంబలి తాగించి, మెల్లగా అడిగింది:

"అక్కా, డాక్టరు చెప్పిన మాట నీకు తెల్వాల్నా, వద్దా?"

ముసలమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. "వద్దు చెల్లె. నొప్పి తగ్గెటట్టు చూడుమను. తక్కింది నా కొడుక్కే చెప్పుమను."

"సరే" అంది అత్త. మళ్లీ ఆ ఊసెత్తలేదు. రోజూ పోయి ఆమె తల దువ్వేది. నేను ఆశ్చర్యపోతే, "అందరికి చెప్పాలని నేనెప్పుడు అన్న బిడ్డా? అడగాలె అన్న" అంది. మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆ మాటే మాకు దారి చూపింది.

పోయినేడు ఆమె జబ్బు తిరగబెట్టింది. కరీంనగర్‌లో చూసిన డాక్టరు కుర్రవాడు. చెప్పడానికి నా వైపు తిరగబోయాడు.

"ఇటు చూసి చెప్పు కొడుకా" అంది అత్త.

అతను తడబడ్డాడు. "ఇంక కోసేది లేదమ్మా. నొప్పికి మాత్రం మందిస్తం."

అత్త కళ్లు మూసుకుంది. తెరిచాక అతని చేతి మీద తట్టి, "ముఖం దాసుకోకుండ చెప్పినవు. మంచిగుండు" అంది. తల వంచుకున్నది ఆ డాక్టరే.

ఇంటికి పోయాక మామకు, కొడుకులకు, కోడళ్లకు తానే కూర్చోబెట్టి చెప్పింది. చాటున గుసగుసలాడుకునే అవసరం ఎవరికీ రానివ్వలేదు.

డాక్టరు చెప్పిన ఆ మధ్యాహ్నమే, బస్టాండులో గాజులమ్మే ఆమెను పిలిచింది అత్త. ఆకుపచ్చవి ఏరుకొని రెండు చేతులకూ నిండుగా వేయించుకుంది. బస్సు మంథని దారి పట్టాక చేయి కిటికీ ఊచ మీద పెట్టి, ఎండలో గాజులను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చుంది. రోడ్డు కుదుపుకు అవి గలగలమంటుంటే, ముందు సీట్లో తల్లి భుజం మీది పసిపిల్ల వాటి కోసం చేయి చాచింది.