మీ ఫౌండర్ గారు ఇప్పుడేం చేస్తున్నారు?

బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూకి వెళ్లి ఏడ్చినవాళ్లు మన హైదరాబాదులో చాలామందే ఉంటారు. ఇంటర్వ్యూ చేసే ముగ్గుర్నీ కూడా కలుపుకుని, నలుగురమూ ఒకే టిష్యూ డబ్బా పంచుకుని ఏడ్చిన ఘనత మాత్రం, నాకు తెలిసి, నా ఒక్కదానిదే. సీటు పోయింది. పరువు పోయింది. ఇంటర్వ్యూ జరిగిన హోటల్ వాళ్ల టిష్యూలన్నీ అయిపోయాయి. ఎలాగో చెబుతాను, కూర్చోండి.

నా పేరు దీవెన. మాది చందానగర్. మా నాన్న పెళ్లయిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మెయిన్ రోడ్డు పక్క సందులో శవపేటికల కొట్టు పెట్టారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడరు, 'పెట్టె' అంటాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు కదా, మా కొట్టు దగ్గరకొచ్చేసరికి ఉలిపికట్టెక్కూడా వేరే దారి లేదు. అందుకని వ్యాపారం ఎప్పుడూ ఆగలేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేనూ నాన్నా, కొట్లో నాన్నా, మెదక్ నుంచి వచ్చిన వడ్రంగి యాదగిరన్నా. అంతే మా సామ్రాజ్యం.

బీకాం అయ్యాక నేను మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో జీతాల లెక్కలు చూసే ఉద్యోగంలో చేరాను. మెడలో ట్యాగు వేసుకుని, క్యాబ్‌లో కిటికీ సీటు కోసం పోట్లాడుకునే బతుకు. ఎంతో బాగుండేది. కొన్నాళ్లకి నాన్నకి గుండె బలహీనమని డాక్టర్ చెప్పాడు, బరువులెత్తొద్దన్నాడు. నేను ట్యాగు తీసి మేకుకి తగిలించి కొట్లోకి వచ్చేశాను. చెక్క కొనడం, ఆసుపత్రుల నుంచి ఫోన్లొస్తే మాట్లాడటం, ఏడుస్తున్నవాళ్ల దగ్గర కొలతలు అడగటం. ఈ చివరిది ఏ కాలేజీలోనూ నేర్పరు.

పాత ఆఫీసు స్నేహితురాళ్లు ఒక్కొక్కరే ఎంబీయేలకి వెళ్తున్నారు. "నువ్వేం చేస్తున్నావే?" అంటే "లాజిస్టిక్స్" అనేదాన్ని. అబద్ధం కాదు కదా! ఇక్కడున్న మనిషిని అక్కడికి చేర్చడమే కదా!

ఒకరోజు నాన్న రంపం పక్కన పెట్టి అన్నారు: "నువ్వు కూడా రాయమ్మా ఆ పరీక్ష. పెట్టెలు చేసేవాళ్లు ఎవరైనా దొరుకుతారు. పెద్ద చదువు చదివేవాళ్లు మన సందులో ఎవరున్నారు?"

రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇక వ్యాసం రాయాలి: ఇన్నేళ్లూ ఏం చేశావు, ఎందుకు చదవాలనుకుంటున్నావు అని. దానికో కన్సల్టెంట్‌ను పట్టుకున్నాను. హైటెక్ సిటీలో అద్దాల మేడ, లోపల అద్దాల గది, ఆ గదిలో అద్దాల కళ్లజోడుతో వికాస్ గారు.

"మీది అన్‌కన్వెన్షనల్ బ్యాక్‌గ్రౌండ్ అన్నారు. అద్భుతం! ఇలాంటివాళ్లంటే స్కూళ్లు పడి చస్తాయి. ఏంటి, సర్కసా? ఎవరెస్టా?"

"శవపేటికలండి."

ఆయన కుర్చీ చక్రాలున్నది కావడం వల్ల రెండడుగులు వెనక్కి జరిగింది.

"అలా పచ్చిగా చెప్పకూడదండి. మూడ్ పాడవుతుంది. చెక్కతో చేస్తారు, కొలతకి తగ్గట్టు చేస్తారు, ఇంటికి చేరుస్తారు. అవునా? అయితే మీది పర్సనలైజ్డ్ ఉడెన్ సొల్యూషన్స్, విత్ లాస్ట్ మైల్ డెలివరీ."

లాస్ట్ మైల్! నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. ఆయనకది జోకని తెలీదు.

వ్యాసం తయారైంది. ఎంత బాగుందంటే, అందులో మా కొట్టు తప్ప అన్నీ ఉన్నాయి. నాన్న 'విజనరీ ఫౌండర్' అయ్యారు. యాదగిరన్న 'హెడ్ ఆఫ్ ప్రొడక్షన్'. నేను 'ఎండ్ యూజర్ ఎక్స్‌పీరియెన్స్' మార్చేసిన నాయకురాలిని. చచ్చిపోయినాయన అనుభవాన్ని నేనెలా మార్చానో నాకే తెలీదు, ఆయన్నే అడగాలి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్న అడిగారు: "ఏం రాశావో తెలుగులో చదివి చెప్పమ్మా."

చదివాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని, తల ఊపుతూ, చివరిదాకా విన్నారు.

"ఎవరిదమ్మా ఈ కంపెనీ? బాగా నడిపిస్తున్నట్టున్నారే!"

నేను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

"ఆ ఫౌండరెవరో గానీ తెలివైనోడు. మన కొట్టుని కూడా కలుపుకుంటారేమో కనుక్కో. యాదగిరికైనా నెలనెలా జీతం ఏర్పాటవుతుంది."

"కనుక్కుంటాలే నాన్నా" అన్నాను. ఆ నవ్వులో అలా అనేశాను. రేపు తీరిగ్గా చెబుదాంలే, తనే కడుపుబ్బ నవ్వుతారు అనుకున్నాను. తీరిక అనేది మన కోసం ఆగి ఉంటుందని ఆ వయసులో ఒక నమ్మకం.

ఆ మరుసటి వారం, మధ్యాహ్నం అన్నం తిని, నాన్న కొట్లో ఒక మూతకి సాండ్ పేపర్ పడుతూ అలాగే దాని మీదికి ఒరిగిపోయారు. నిద్రపోతున్నారనుకున్నాం. ఆటోలో దవాఖానకి తీసుకెళ్లేసరికే అయిపోయింది. ఆ కంపెనీ మనదే నాన్నా, ఆ తెలివైనోడివి నువ్వే అని ఆటోలో చెబుతూనే ఉన్నాను. వినేవాళ్లు లేరు.

కొట్లోకి వచ్చి కొలత టేపు తీసుకుంటుంటే యాదగిరన్న నా చేతిలోంచి లాక్కున్నాడు.

"బిడ్డా, జర నువ్వు బయటికి పో. గీ ఒక్కటి నేను చేస్త."

సందు చివర నిలబడ్డాను. ముంబై హైవే మీద బస్సులు పోతూనే ఉన్నాయి. లోపల్నుంచి రంపం చప్పుడు వినిపిస్తే తట్టుకోలేనేమో అనుకున్నాను. చప్పుడు ఆగిపోయినప్పుడే తట్టుకోలేకపోయాను.

నెల తిరక్కుండా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వెళ్లననే అనుకున్నాను. కానీ నాన్న ముందే వీధంతా చెప్పేసి ఉన్నారు. పాస్టర్ గారు ఆరాధనలో "మన సహోదరి దీవెన ఎంబీయే కొరకు" అని ప్రార్థన కూడా చేయించేశారు. దేవుడి దాకా వెళ్లిన దరఖాస్తుని వెనక్కి తీసుకునే పద్ధతి నాకు తెలీదు.

"పో బిడ్డా. ఈడ కూసుండి ఏం జేస్తవ్? మీ నాయిన సంబురపడ్డ పని అది" అన్నాడు యాదగిరన్న.

వెళ్లాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, వికాస్ గారి వ్యాసాన్ని చంకన పెట్టుకుని.

హైటెక్ సిటీలో ఒక హోటల్, అందులో మీటింగ్ గది. ముగ్గురు కూర్చుని ఉన్నారు. తెల్లగడ్డం ప్రొఫెసర్ గారు, ఆ స్కూల్లోనే చదివి పెద్ద ఉద్యోగం చేస్తూ, కోటు తొడుక్కొచ్చిన కోటాయన, ఇంకో మేడమ్. జరిగిందంతా ఇంగ్లీషులోనే జరిగింది. నా పరువు తెలుగులో పోతే నాకు కాస్త ఓదార్పుగా ఉంటుందని ఇలా చెబుతున్నాను.

"మీ కంపెనీ సరిగ్గా ఏం తయారుచేస్తుంది?" అన్నాడు కోటాయన.

"కొలతకి తగ్గట్టు చెక్క యూనిట్లండి. ఒక మనిషికి ఒకటి."

"అంటే మంచాలా?"

ఇక్కడ ఆగిపోవాల్సింది. ఆగానా?

"ఇంచుమించు అలాంటివేనండి. పడుకోవడానికే."

"సింగిలా, డబులా?"

"సింగిలేనండి. డబుల్ ఎవరూ అడగరు."

"పరుపు వేరే కొనాలా?"

"లేదండి, లోపలే వస్తుంది. తెల్ల శాటిన్."

ఆయన ముందుకు వంగాడు. "డెలివరీకి ఎన్నాళ్లు పడుతుంది?"

"అదే రోజు ఇచ్చేస్తామండి. ఆలస్యమైతే కస్టమర్ ఆగలేరు."

"మంచం అదే రోజా! నా సోఫాకి రెండు నెలలు తిప్పారు!" అని ఆయన మేడమ్ వైపు తిరిగాడు. ఆవిడ ఏదో రాసుకున్నారు. "మరి కంప్లయింట్లు?"

"వాడినవాళ్లెవరూ ఇప్పటిదాకా చెయ్యలేదండి."

"ఒక్కరూ?"

"ఒక్కరూ."

"ఆ కస్టమర్లే మళ్లీ వస్తుంటారా?"

"వాళ్లు రారండి. వాళ్ల ఇంట్లోవాళ్లు వస్తారు."

"నోటిమాట మీద నడిచే వ్యాపారం!" అని బల్ల మీద చిన్నగా చరిచాడు. సీటు నా ఒళ్లో పడినట్టే కనిపించింది. అబద్ధం ఆడితే గోడ కట్టినట్టుండాలంటారు. నేను గోడేమిటి, గృహప్రవేశానికి మామిడాకులు కూడా కట్టేశాను.

అప్పుడు ప్రొఫెసర్ గారు మొదటిసారి నోరు తెరిచారు. చాలా మెత్తని గొంతు.

"మీ ఫౌండర్ గారు ఇప్పుడేం చేస్తున్నారమ్మా?"

దీనికి వికాస్ గారు ఒక జవాబు నేర్పారు, నాన్న ఉన్నప్పుడు. అదే నోట్లోంచి వచ్చింది. "బాధ్యతలు నాకు అప్పగించి తప్పుకున్నారండి."

"విశ్రాంతి తీసుకుంటున్నారా?"

"అవునండి."

"నేనెప్పుడూ అడిగే ప్రశ్నొకటుంది. తను అమ్మేది తను వాడని వ్యాపారిని నేను నమ్మను. ఆయన మీ ప్రొడక్టు వాడతారా?"



"పోయిన నెల నుంచి వాడుతున్నారండి."

"మంచిది. ఎలా ఉందన్నారు?"

"ఏమీ అనలేదండి."

ముగ్గురూ పకపకా నవ్వారు. "గట్టి కస్టమరే!" అన్నాడు కోటాయన. నేను కూడా నవ్వాను. నాన్న ఉంటే ఈ మాటకి టీ పొలమారేంత నవ్వేవారు కదా అనిపించింది. అంతే. నవ్వు నోటి దగ్గరే ఉంది, కళ్లు మాత్రం వేరే పని మొదలుపెట్టాయి. ఆపుదామనుకున్నాను. నెలరోజులుగా వచ్చినవాళ్లకి కాఫీలిస్తూ, కొట్టు చూసుకుంటూ ఆపుకున్నదంతా ఆ బల్ల మీదే పడింది.

"మంచాలు కాదండి" అన్నాను ఎక్కిళ్ల మధ్య. "పెట్టెలు. శవపేటికలు. మా నాన్న పోయారండి."

కోటాయన మొహంలో రక్తం లేదు. అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి. పరుపు. కంప్లయింట్లు. మళ్లీ వస్తారా.

మేడమ్ లేచొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. నీళ్లిచ్చారు. "మీ నాన్నగారి గురించి చెప్పండి. ఆ కాగితంలో ఉన్నాయన గురించి కాదు" అన్నారు.

చెప్పాను. పెట్టె లోపలి వైపు కూడా ఆయన సాండ్ పేపర్ పట్టేవారని. శాటిన్ కప్పేస్తుంది కదా, ఎవరు చూస్తారు నాన్నా అంటే, "పడుకునేవాళ్లకి ముల్లు గుచ్చుకోకూడదమ్మా" అనేవారని. ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన భార్య పోయి ఏడాదట. కోటాయన తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు ఈయన ఏదో మీటింగ్‌లో ఉన్నాడట. ఇక ఇంటర్వ్యూ ఏముంది? టిష్యూ డబ్బా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

చివరికి మేడమ్ నన్ను తలుపు దాకా దింపారు. బయట తర్వాతి అబ్బాయి కొత్త సూట్‌లో నిలబడి ఉన్నాడు. ఉబ్బిన నా కళ్లు చూశాడు. ఎర్రబడ్డ ఆవిడ కళ్లు చూశాడు. తలుపు సందులోంచి, లోపల గడ్డం తుడుచుకుంటున్న ప్రొఫెసర్ గారిని చూశాడు.

"అక్కా, అంత కష్టమైన ప్రశ్నలు అడుగుతున్నారా?"

"అడుగుతున్నారు తమ్ముడూ."

"దేని గురించి?"

"మా నాన్న గురించి."

పాపం, ఆ అబ్బాయి వెంటనే ఫోన్ తీసి వాళ్ల నాన్నకి చేశాడు. "డాడీ, తొందరగా చెప్పు, నువ్వు ఆఫీసులో ఎగ్జాక్ట్‌గా ఏం చేస్తావు?"

సీటు రాలేదు. మేడమ్ తర్వాత ఫోన్ చేసి, "ఆ వ్యాసం రాసినమ్మాయికి మేం సీటివ్వలేమండి, మేం కలిసింది వేరే అమ్మాయిని. వచ్చే ఏడు ఆ అమ్మాయిని దరఖాస్తు పెట్టమనండి" అన్నారు. పెట్టాను. 'మా నాన్న శవపేటికలు చేసేవారు' అని మొదటి వాక్యమే రాశాను. నిజం చెప్పాను కాబట్టి ఈసారి సీటొచ్చి ఉంటుందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజాలకి కూడా కటాఫ్ ఉంటుందట. ఇప్పుడు కొట్లోనే ఉన్నాను. లోపలి వైపు సాండ్ పేపర్ నేనే పడుతున్నాను.

అందుచేత, చందానగర్ మెయిన్ రోడ్డు మీద వెళ్లే సకల బస్సుల సాక్షిగా ఇదే నా ప్రమాణం. ఇక మీదట ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు అడిగినా పెట్టెని పెట్టె అనే అంటాను. పోయినవాళ్లని పోయారనే చెబుతాను. ఏడుపొస్తే అక్కడే ఏడుస్తాను. అయితే ఇంటర్వ్యూకి కాటుక మాత్రం, ప్రాణం పోయినా పెట్టుకోను. ఆ రోజు తిరిగొస్తుంటే హోటల్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, తన దగ్గర పెట్టుకున్న నా ఐడీ కార్డు తిరిగిస్తూ, దాన్నీ కాటుక కారిన నా మొహాన్నీ మార్చి మార్చి చూసి, "మేడమ్, ఈ ఫొటోల ఉన్నామె లోపలనే ఉండిపోయిందా?" అన్నాడు.