ట్యాంకు నిండిన కేక

ఆ పొద్దున పక్కింటి డాక్టరుగారు మెట్లు కడిగేశాక కూడా ఆయన భార్య గొంతు విన్నాను. ఈ ఒక్క ముక్క కెమెరా ముందూ చెప్పలేదు, కోర్టులోనూ చెప్పలేదు. నిన్న మా నాచారం గల్లీలో నల్లా నీళ్లొచ్చాయి. పక్కింటి మెట్ల మీద మళ్లీ చీపురు చప్పుడు వింటూ ఉండిపోతే నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

మాకు నల్లా రోజు మార్చి రోజు వస్తుంది. వచ్చిందంటే డాక్టరూ లేదు, కండక్టరూ లేదు; లుంగీ ఎగ్గట్టి, మోటరు వేసి, వాకిలి కడగాల్సిందే. డాక్టరుగారు ఉప్పల్‌లో క్లినిక్‌కు వెళ్లే ముందు మెట్లన్నీ సబ్బునీళ్లతో కడిగేవారు. ఆ రోజూ అంతే. కడగడం అయ్యాక డాబా మీంచి వదిన, ఆయన భార్యను అలాగే పిలిచేవాణ్ని, "ట్యాంక్ నిండింది, మోటర్ బంద్ జెయ్యుండ్రి!" అని కేకేసింది. దిగుతూ తడి మెట్ల మీద జారింది. మళ్లీ లేవలేదు.

డాక్టరే చంపాడన్న పుకారు పట్టుకుని మధ్యాహ్నానికల్లా టీవీవాళ్లు దిగారు. ఎదురింటి అత్తమ్మ పట్టుచీర కట్టుకుంది. నేనేం తక్కువ తిన్నానా, గడ్డం గీసుకొచ్చాను.

"మెట్లు కడిగిండా లేదా, గది చెప్పన్నా," అన్నాడు మైకతను.

"కడిగిండు. గాని..."

మైకు అప్పటికే అత్తమ్మ దగ్గరికి పోయింది. సాయంత్రం తెర మీద ఎర్రక్షరాలు: భార్య నెత్తురు కడిగిన డాక్టర్! కింద నా మొహం. బోడుప్పల్ నుంచి బావమరిది ఫోన్: "మస్తు కనవడ్తున్నవ్ బావా టీవీల!" సిగ్గులేక మురిసిపోయాను.

దాన్నే నెలల తరబడి తిప్పారు. చూసి చూసి, ఆ కేక విన్నానో లేదో నాకే అనుమానం పట్టుకుంది. కోర్టులో డాక్టరుగారి వకీలు గుచ్చి గుచ్చి అడిగితే, "యాదికి లేదు సార్," అన్నాను. ఆయనకు యావజ్జీవం పడింది. ఏళ్ల తర్వాత పైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది: దెబ్బలు జారిపడితే తగిలినవే, గల్లీవాళ్లు చెప్పింది టీవీలో విన్నదే అని. ఆ తీర్పును మాత్రం ఏ చానలూ తిప్పి తిప్పి చూపించలేదు.

నిన్న రెండిళ్ల మధ్య గోడ దగ్గరికి వెళ్లాను. "డాక్టర్ సాబ్, ఆ దినం వదిన కేకేసింది గదా..."

ఆయన చీపురు ఆపారు. "కోర్టుల గదే మొత్తుకున్న. ఇంకెవరన్న విన్నరా అన్నరు. మోటర్ మోతల నీకు ఇనవడలేదేమో అనుకున్న."

ఇన్నేళ్లూ జైల్లో కూర్చుని, నా తరఫున ఆయనే ఒక సాకు వెతికిపెట్టారు. జానెడు గోడ దాటడానికి నా మాటకు అన్నేళ్లు పట్టింది.

"ఇనవడ్డది, డాక్టర్ సాబ్," అన్నాను. "మంచిగనే ఇనవడ్డది. మాఫ్ జెయ్యుండ్రి."