ఇరవై గంటలు నిండాక

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు కర్నూలులో మా ఇంటి వరండాలో కూర్చుని, వచ్చే నెల తాను చదువుకోబోయే దేశంలో విద్యార్థులు ఎంతవరకు ఉద్యోగం చేసుకోవచ్చో ఫోనులో చూసి నాకు చదివి వినిపించింది. తరగతులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలు మించకూడదట, సొంత వ్యాపారం పెట్టకూడదట, జీతం తీసుకోకుండా ఒకరి దగ్గర చేసినా అది పని కిందికే వస్తుందట. ఆ చివరి మాట వినగానే నాకు నవ్వు ఆగలేదు. "ఏం పెద్దమ్మా, అట్లా నవ్వుతాండావు?" అని ఆ పిల్ల బిత్తరపోయింది. నవ్వు సంగతి దానికి చెప్పాను గానీ, మన ఈడు వాళ్ళకు చెప్పుకుంటే ఉండే తృప్తి వేరు.

మాది పత్తికొండలో కిరాణా అంగడి. ఆ రోజుల్లో పప్పులూ ఉప్పులూ అన్నీ బస్తాల్లోంచి తీసి, పాత పేపర్లో పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవాళ్ళమని మీకు వేరే చెప్పనక్కరలేదు. మా నాయనది ఒక పద్ధతి. పెళ్ళి పిలుపుకు వచ్చిన చుట్టమైనా, టమాటా మార్కెట్టు నుంచి ఎండకు తాళలేక నీడకొచ్చిన రైతైనా, గల్లాపెట్టె పక్కన బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, మాటల మధ్యలోనే ఆ మనిషి ముందుకు నాలుగు పేపరు ముక్కలూ ఆవాల గిన్నే మెల్లగా తోసేవాడు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసే మా మామ ఒకాయన, ఇస్త్రీ చొక్కా నలగకుండా వచ్చి, ఊరి సంగతులన్నీ చెబుతూ గంపెడు పొట్లాలు కట్టి పోయేవాడు. "అంగట్లో ఊరికే కూసుంటే లక్ష్మి అలుగుతాది" అనేది నాయన మాట. నాకు అక్షరాలకన్నా ముందు పొట్లం కట్టడం వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

అలాంటి నేను కర్నూలులో డిగ్రీ చేసి, ఎవరూ అనుకోని విధంగా ఇంగ్లండులో పై చదువుకు సీటు తెచ్చుకున్నాను. మా వంశంలో జిల్లా దాటి చదివిన ఆడపిల్లను నేనే. నేను చదువు ముగించి వస్తే మా చెల్లెలిని కూడా పంపుతానని నాయన అన్నాడు, మధ్యలో తిరిగొచ్చానంటే ఇంక ఇంట్లో ఆడపిల్లల చదువు మాటే ఉండదని మా ఇద్దరికీ తెలుసు. అక్కడ కాలేజీలో చేరిన మొదటి రోజే ఈ ఇరవై గంటల సంగతీ, జీతం లేకున్నా పనేనన్న సంగతీ చెప్పి, తప్పితే వీసా పోతుందని, సామాను సర్దుకోవలసిందేనని హెచ్చరించారు. ఫోను కార్డు గీకి, మా అంగడి పక్కన ఎస్టీడీ బూతుకు చేసి నాయనకు అదంతా చెబితే, ఆయనకు ఒక్కటే అర్థం కాలేదు. "దుడ్లే తీసుకోకుంటే అది పని యాడైతాదమ్మా?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు.

నాకు పని దొరికింది కూడా అంగట్లోనే. గుజరాతీ పెద్దావిడ ఒకామె నడిపే సరుకుల కొట్టు అది. నేను ఆమెను మాసీ అనేదాన్ని, వాళ్ళలో పిన్నిని అలాగే పిలుస్తారు. మాకు ఇద్దరికీ కలిసే భాష హిందీ. నా హిందీ అంతా మా వీధిలో సాయిబుల ఇళ్ళలో అబ్బినది కాబట్టి, టీ వద్దనడానికి "నక్కో" అంటే ఆమె పడీ పడీ నవ్వేది, వచ్చిన గిరాకీలకు కూడా ఆ మాట నా చేత అనిపించేది. జీలకర్ర వాసన, గోనెసంచుల వాసన, గంట కొట్టినట్టు తూకపు రాళ్ళ చప్పుడు. అంత చలిలో నాకు మా పత్తికొండ అక్కడే దొరికింది.

గంటలు నిండినా నాకు గదికి పోబుద్ధయ్యేది కాదు, ఆ గదిలో నేనూ నా ఊపిరి తప్ప ఏముంది కనుక. మాసీ పోవద్దని చూపిన స్టూలు మీదే కూర్చునేదాన్ని. కూర్చున్నాక చెయ్యి ఊరుకుంటుందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. మాటల్లో పడి పప్పు సంచులు సర్దబోయేదాన్ని, ఎవరో ధనియాలు అడిగితే లేచేదాన్ని. మాసీ నా చేతి మీద ఒక్కటేసి కూర్చోబెట్టేది. "నేను దయతో కొట్లో చోటిస్తే, నువ్వు దయతో వీసా పోగొట్టుకుంటావా" అని తిట్టేది. తిట్లు పని చేయలేదని ఒక ఉపాయం కనిపెట్టింది. నా గంటలు నిండగానే స్వెట్టరు అల్లే ఉన్ని తెచ్చి, పెద్ద దండలాంటి ఆ చుట్టను నా రెండు చేతులకూ కదలకుండా తగిలించి, ఎదురుగా కూర్చుని నింపాదిగా ఉండ చుట్టేది. ఎంత చుట్టినా ఆ ఉన్ని తరిగేది కాదు. రాత్రికి ఉండను విప్పి మళ్ళీ చుట్ట చేసేదని నాకు చాలా నాళ్ళకు గాని తెలియలేదు.

పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఒక మధ్యాహ్నం నేను అలా ఉన్నితో కూర్చుని ఉండగా, కొట్లలో ఎవరు పని చేస్తున్నారో చూసే అధికారులు ఇద్దరు లోపలికి వచ్చారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళలో పొడుగాటి ఆయన నన్ను చూసి ఈ అమ్మాయి ఎవరని అడిగాడు. ఈమె వారం పని ముగిసింది, ఇప్పుడు నా చుట్టం అంది మాసీ. సరిగ్గా అప్పుడే రోజూ వచ్చే ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, పై అరలో కందిపప్పు తీసివ్వమని నన్నే అడిగింది. నేను లేవనే లేచాను. చేతులు ముందుకు పోలేదు, ఉన్ని లాగింది, మాసీ ఒళ్ళోని ఉండ దొర్లుకుంటూ పోయి ఆ పొడుగాటాయన బూట్ల చుట్టూ తిరిగింది. ముసలమ్మ ఆగే మనిషి కాదు, మళ్ళీ అడిగింది. ఆయన ఇటు చూసి అటు చూసి, పొడుగు మనిషి కదా, అలవోకగా చెయ్యి చాచి పప్పు దించి ఆమె సంచిలో పెట్టేశాడు.

మాసీ కళ్ళజోడు సర్దుకుని, జీతం లేకుండా చేసినా పనే కదా సార్, ఇప్పుడు మిమ్మల్ని ఎవరికి అప్పగించాలి అని అడిగింది. రెండో ఆయన మొదట నవ్వాడు, తరవాత పొడుగాటాయన, ఆ తరవాత అందరం. బూట్లకు చిక్కిన ఉన్ని విడదీయడానికి చాలాసేపు పట్టింది, నా కాగితాలు చూడడానికి అంతసేపు పట్టలేదు. పరీక్షలు బాగా రాయి అని చెప్పి వెళ్ళారు. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

ఇదంతా ఫోనులో చెబితే నాయన చివరిదాకా విని, "ఆ సారుకు టీ అన్నా తాపించిందా, ల్యాదా?" అని మాత్రం అడిగాడు.

నేను చదువు ముగించి వచ్చాను. నాయన మాట నిలబెట్టుకున్నాడు, చెల్లెలు చదివింది, ఇప్పుడు దాని కూతురు పోతోంది. నాయనా లేడు, మాసీ కూడా లేదు. మా తమ్ముడు నడిపే అంగట్లో అన్నీ కంపెనీ ప్యాకెట్లే, వచ్చిన చుట్టాలు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు. ఈ పిల్ల చేయాలనుకునేది ఏదో పెద్ద గోదాములో పనట. గంటలు ఫోనే లెక్కవేసి, ఇరవై నిండగానే తలుపు తెరుచుకోనివ్వదట, తప్పు జరిగే ప్రసక్తే లేదని ధైర్యంగా చెప్పింది. మరి గంటలు నిండినాక యాడ కూసుంటావమ్మా అని అడిగాను. "యాడ కూసునేది పెద్దమ్మా, రూముకు పోతా" అంది, అదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ. అప్పుడూ ఇరవై గంటలే, ఇప్పుడూ ఇరవై గంటలే. ఆ గంటలు నిండాక కూడా పోవద్దని స్టూలు చూపే మనిషి ఒకరు ఈ పిల్లకు అక్కడ దొరకాలని, దాని తల మీద చెయ్యి వేసి గట్టిగా కోరుకున్నాను.