ముడి లేని కుట్టు

పెర్లా కుట్టుపరీక్ష తప్పింది ఒక్క ముడి వల్ల. ముడి పడి కాదు, పడక.

బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో, రైలుకట్ట పక్క యూదుల వీధిలో వాళ్ళమ్మ గిట్లాకు ఏళ్ళ తరబడి ఒకటే పని, పోయినవాళ్ళకు తెల్లబట్టలు కుట్టడం. ఆ బట్టలకు జేబులుండవు, దారానికి ముడి వేయరు. పోయేవాళ్ళను ఏదీ పట్టి ఉంచకూడదు మరి. పెర్లా ఆరేళ్ళప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని అలాగే నేర్చుకుంది. పెద్ద దుకాణంలో గౌన్లు కుట్టాలని ఆమె ఆశ. దానికి పరీక్ష నెగ్గాలి. నెగ్గేదే! పరీక్ష పెట్టినావిడ గౌను అంచు పట్టి ఊరికే లాగింది. దారం మొత్తం జారి చేతికొచ్చేసింది. గదంతా ఒకటే నవ్వు.

ఆ కోపం ఎవరి మీద చూపాలి? ఇంట్లో కన్నతల్లి ఉందిగా!

"నీ శవాల కుట్టే నా కొంప ముంచింది! ఇంక ఆ గుడ్డ ముట్టను, పో!"

గిట్లా తల వంచి సూదిలో దారం ఎక్కించుకుంది. నోరు జారిన మాటను ఎవరు వెనక్కి తీసుకోగలరు?

చలికాలం వచ్చేసరికి గిట్లాకు ఊపిరి ఆడటం కష్టమైంది. తన చివరి తెల్లబట్టలు తానే కుట్టుకోవడం మొదలుపెట్టింది.

"బతికుండగానే కుట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందటే. చొక్కాకి ఒక్క చెయ్యి మిగిలింది. నా వేళ్ళు వణుకుతున్నాయి, కుట్టిపెట్టవూ?"

"మళ్ళీ పరీక్షకి కూర్చుంటున్నా, అది కానీయమ్మా."

"సరేలే. నీ పరీక్ష అయ్యేదాకా ఎక్కడికి పోతాను?" అని నవ్వబోయి దగ్గింది గిట్లా.

నెల్లాళ్ళు పెర్లా ముడులే ముడులు వేసింది, వేళ్ళు వాటంతటవే వేసేదాకా. రెండోసారి పరీక్షలో ఆవిడ ఎంత లాగినా దారం కదల్లేదు.

"ఇంత సన్నటి కుట్టు ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?"

పెర్లా తల దించుకుంది. సూది మీదికి వంగిన అమ్మ వీపు గుర్తొచ్చింది. తలెత్తింది.

"మా అమ్మ దగ్గరండి. పోయినవాళ్ళకు కుడుతుంది. మా అమ్మమ్మ కూడా అదే కుట్టేది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఈ ఒక్క మాటా అమ్మ చెవిన వేయాలని ట్రాము కోసం కూడా ఆగకుండా పరుగెత్తింది. గడపలో అమ్మతో కలిసి కుట్టే జెల్డా పెద్దమ్మ నిలబడి ఉంది. లోపల, చావు జరిగిన ఇంట్లో చేసేట్టు, అద్దం మీద దుప్పటి కప్పేశారు.

"ఇందాకే పోయిందే తల్లీ. నువ్వు నెగ్గావా అని రెండుసార్లు అడిగింది."

బల్ల మీద ఒక చెయ్యి లేని చొక్కా అలాగే ఉంది. "నేనే కుడతాను," అని పెర్లా సూది అందుకుంది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, జెల్డా ఆమె మణికట్టు పట్టుకుంది. దారం చివర ముడి! గట్టి ముడి, పరీక్షలో వేసినట్టే.

అప్పుడు బావురుమంది పెర్లా.

"విప్పవే అమ్మా. మీ అమ్మను పోనియ్యి," అంది జెల్డా.

కత్తెర ఇవ్వబోతే పెర్లా వద్దంది. కన్నీళ్ళలో కనబడని ఆ ముడిని సూదిమొనతో గుచ్చి గుచ్చి విప్పింది. మళ్ళీ మొదటి నుంచి కుట్టింది, అమ్మ నేర్పినట్టు.